ఆగిన కారులో ఏసీ ఎందుకు వెచ్చబడుతుంది: ప్రెషర్ స్విచ్‌కూ కండెన్సర్ ఫ్యాన్‌కూ ఉన్న లంకె

కారు వేగంగా వెళ్తున్నంతసేపూ ఏసీ బాగానే చల్లబరుస్తుంది. సిగ్నల్ దగ్గర రెండు మూడు నిమిషాలు ఆగేసరికి వచ్చే గాలి వెచ్చబడుతుంది, బండి కదిలి కొంత దూరం వెళ్లగానే మళ్లీ చల్లగాలి మొదలవుతుంది. ఈ లక్షణం చెప్పగానే చాలాసార్లు వచ్చే సమాధానం ‘గ్యాస్ తగ్గింది, నింపాలి’ అన్నదే. గ్యాస్ తగ్గినప్పుడు కూడా ఇంజిన్ ఐడిలింగ్‌లో చల్లదనం కొంత పడిపోతుంది కనుక ఆ అనుమానాన్ని పూర్తిగా కొట్టిపారేయలేము. అయితే వేగంలో మంచి చల్లదనం, ఆగితే వెచ్చదనం అనే తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తున్నప్పుడు అన్నిటికంటే ముందు చూడవలసినవి రెండు: కండెన్సర్ గుండా గాలిని లాగే ఫ్యాన్ తిరుగుతోందా, దాన్ని తిప్పమని చెప్పే ప్రెషర్ స్విచ్ తన పని తాను చేస్తోందా అన్నవి. ఇవి చూడకుండా, సరిపడా గ్యాస్ ఉన్న ఏసీలోకి మరికొంత ఎక్కిస్తే హై సైడ్ (కంప్రెసర్ తర్వాత అధిక పీడనంలో ఉండే భాగం) పీడనం ఇంకా పెరిగి అసలు జబ్బు ముదురుతుంది.

క్యాబిన్‌లోని వేడిని పీల్చి బయట పారబోయడమే ఏసీ చేసే పని. పారబోసే చోటు, రేడియేటర్‌కు ముందు నిలువుగా అమర్చిన కండెన్సర్. మనం వాడుకలో గ్యాస్ అని పిలిచే రిఫ్రిజెరెంట్ కంప్రెసర్ నుంచి వేడి ఆవిరిగా బయలుదేరి, కండెన్సర్ గొట్టాల్లో తన వేడిని బయటి గాలికి ఇచ్చి ద్రవంగా మారుతుంది. క్యాబిన్‌లో పీల్చుకున్న వేడి ఒక్కటే కాక, కంప్రెసర్ నొక్కినందువల్ల చేరిన వేడి కూడా ఇక్కడే పోవాలి. బండి పరుగు మీద ఉన్నప్పుడు ఎదురుగాలే ఆ వేడిని తీసుకుపోతుంది. ఆగితే ఆ గాలి ఉండదు. పైగా బానెట్ కింద చేరిన వేడిగాలి పక్క సందుల్లోంచి ముందుకు వచ్చి మళ్లీ కండెన్సర్‌లోకే చేరుతుంది. వేడి బయటికి పోకపోతే ఆవిరి ద్రవంగా మారడం మందగిస్తుంది, కంప్రెసర్ మాత్రం వెనకనుంచి తోస్తూనే ఉంటుంది, దాంతో గొట్టాల్లో పీడనం ఎక్కుతూ పోతుంది.

కొలవవలసింది వేడినే అయినప్పుడు ఉష్ణోగ్రతతో పనిచేసే స్విచ్ పెట్టవచ్చు గదా, పీడనం ఎందుకు అన్న ప్రశ్న ఇక్కడ సహజంగానే వస్తుంది. ఆవిరి, ద్రవం కలిసి ఉన్నచోట ఉష్ణోగ్రతకూ పీడనానికీ విడదీయరాని లంకె ఉంటుంది. ఇప్పటికీ చాలా కార్లలో ఉన్న ఆర్-134ఏ గ్యాస్‌నే తీసుకుంటే, 30 డిగ్రీల దగ్గర గేజ్ మీద (అంటే బయటి గాలి పీడనాన్ని కలపకుండా) సుమారు 6.7 బార్లు (బార్ అంటే పీడనపు కొలత), 50 డిగ్రీల దగ్గర సుమారు 12, 60 డిగ్రీల దగ్గర దాదాపు 16, 70 డిగ్రీల దగ్గర 20 బార్ల పైచిలుకు పీడనం ఉంటుంది. అంటే కండెన్సర్‌లోని పీడనాన్ని చూస్తే అక్కడ గ్యాస్ ఎంత వేడి మీద ద్రవమవుతోందో వెంటనే చెప్పేయవచ్చు. ఉష్ణోగ్రత స్విచ్‌కు ఆ వేడి గొట్టం గోడనూ స్విచ్ ఒంటినీ దాటుకుని చేరాలి, అందుకు సమయం పడుతుంది. పీడనం మాత్రం ఆ గొట్టమంతటా దాదాపు తక్షణమే తెలుస్తుంది. వీటన్నిటికంటే బలమైన కారణం మరొకటి ఉంది. హోస్ పైపును చీల్చేదీ, కంప్రెసర్ షాఫ్ట్ సీలును పాడుచేసేదీ, కంప్రెసర్‌ను ఇంజిన్‌తో కలిపే క్లచ్ మీద భారం మోపేదీ పీడనమే గనుక, కాపలా కూడా దాని మీదే పెట్టడం న్యాయం. రేడియేటర్ కూలెంట్ ఉష్ణోగ్రతను బట్టి తిరిగే ఫ్యాన్ స్విచ్‌కు ఈ సంగతేమీ తెలియదు. కూలెంట్ 90 డిగ్రీలు దాటేదాకా అది నిశ్చింతగా ఉంటుంది, ఈలోపు కండెన్సర్‌లో పీడనం హద్దు మీరిపోగలదు.

ప్రెషర్ స్విచ్ చూడడానికి బొటనవేలంత లోహపు ముక్క. ఒక చివర మరలు, మరో చివర వైర్ల కనెక్టర్. దాన్ని గ్యాస్‌లోని తేమను పీల్చే రిసీవర్ డ్రయర్ మీదో, కండెన్సర్ నుంచి వెళ్లే ద్రవపు పైపు మీదో బిగిస్తారు. లోపల పలుచని పొర, దాని వెనక కొద్దిగా గిన్నెలా వంగిన స్ప్రింగు బిళ్ల, ఆ బిళ్లను ఆనుకుని కాంటాక్టులు ఉంటాయి. రేకు డబ్బా మూతను మధ్యలో బొటనవేలితో నొక్కితే కొంతసేపు మొండికేసి, ఆ తర్వాత ఒక్కసారిగా ‘టక్’మని లోపలికి కుంగుతుంది, వేలు బాగా సడలించాక మళ్లీ ‘టక్’మని పైకి లేస్తుంది. స్విచ్‌లోని బిళ్ల చేసేదీ అచ్చం ఇదే. నెమ్మదిగా వంగి నెమ్మదిగా తాకే కాంటాక్టుల మధ్య నిప్పురవ్వలు లేచి అవి మాడిపోతాయి కాబట్టి, కలిసినా విడిపోయినా ఒక్క ఊపులో జరగడం అవసరం.

డబ్బా మూత ఉదాహరణలో మరో విశేషం కూడా ఉంది. కుంగడానికి కావలసిన బలం ఒకటి, తిరిగి లేవడానికి సడలించవలసిన మేర మరొకటి. ఈ తేడా స్విచ్‌లో కావాలని పెట్టినది. ఫ్యాన్ 15 బార్ల దగ్గర మొదలై అదే 15 దగ్గర ఆగవలసి వస్తే, తిరిగిన రెండు సెకన్లకే పీడనం కాస్త దిగి ఆగిపోతుంది, ఆగిన రెండు సెకన్లకు మళ్లీ మొదలవుతుంది. అలా గంటలో వందలసార్లు రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్) కొట్టుకుని, మోటారు మొదలైన ప్రతిసారీ లాగే అధిక కరెంటుకు కాంటాక్టులు నల్లబడిపోతాయి. అందుకే సాధారణంగా 15, 16 బార్ల ప్రాంతంలో మొదలయ్యే ఫ్యాన్ 12 బార్ల ప్రాంతానికి దిగేదాకా ఆగదు. పైన చెప్పిన లెక్కల ప్రకారం చూస్తే, గ్యాస్ 60 డిగ్రీల వేడి మీద ద్రవమవుతున్నప్పుడు ఫ్యాన్‌ను పిలిచి, 50కి దిగాక సెలవిస్తున్నట్టు. మోడల్‌ను బట్టి ఈ అంకెలు అటూ ఇటూ మారుతాయి గానీ, పద్ధతి మాత్రం ఇదే.

ఒకే స్విచ్‌లో ఇలాంటి బిళ్లలు ఒకటికి మించి ఉండవచ్చు. మూడు పీడన స్థాయిలకు స్పందించే దాన్ని ట్రినరీ స్విచ్ అంటారు. అడుగున సుమారు 2 బార్ల దగ్గర ఒక హద్దు ఉంటుంది. పీడనం అంతకంటే దిగితే గ్యాస్ పోయిందని భావించి కంప్రెసర్‌ను తిరగనివ్వదు. పైన సుమారు 27 నుంచి 32 బార్ల మధ్య మరో హద్దు ఉంటుంది. అది దాటితే కంప్రెసర్ క్లచ్‌కు వెళ్లే కరెంటును తెంచేస్తుంది. ఈ రెంటికీ నడుమ ఉన్నదే ఫ్యాన్ హద్దు. కింది హద్దూ పై హద్దూ ‘ఆపు’ అనే చెబుతాయి. మధ్యది ఒక్కటే, ఆపే అవసరం రాకుండా చూడడానికి ఉన్నది. ఏసీ కటాఫ్ అయిందనగానే అందరి చూపూ పై హద్దు మీదికే పోతుంది గానీ, నిజానికి ఫ్యాన్ సక్రమంగా తిరిగే కారులో ఆ పై హద్దుకు జీవితకాలంలో ఒక్కసారి కూడా పని పడకపోవచ్చు.

హై సైడ్‌కు గేజ్ తగిలించి ఐడిలింగ్‌లో ఉన్న కారును గమనిస్తే ఈ వరస అంతా కళ్లకు కడుతుంది. బయట 32 డిగ్రీల వేడి ఉందనుకుందాం. ఏసీ వేయగానే క్లచ్ పట్టుకున్న చప్పుడు, గేజ్ ముల్లు 10 దాటి 12, 13, 14 అంటూ పైకి పాకుతుంది. 15 దాటాక రిలే చిన్నగా ‘టిక్’మంటుంది, ఫ్యాన్ మూలుగుతూ లేస్తుంది, ఆ కరెంటు భారానికి ఇంజిన్ శబ్దం ఒక్క క్షణం బరువెక్కుతుంది. ముల్లు ముందు నిలబడి, ఆ తర్వాత నెమ్మదిగా దిగడం మొదలుపెడుతుంది. 12 దగ్గరికి రాగానే ఫ్యాన్ ఆగుతుంది, ముల్లు మళ్లీ ఎక్కుతుంది. అదే 42 డిగ్రీల ఎండలో అయితే ముల్లు 12కు దిగనే దిగదు, ఫ్యాన్ ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది. అది లోపం కాదు. ఇప్పుడు ఫ్యాన్ కనెక్టర్ ఊడిపోయిన కారులో ఇదే గేజ్ చూడాలి. ముల్లు 15 దగ్గర ఆగదు. 20, 25 దాటి 30ని సమీపిస్తుంది. ఆ పీడనంలో గ్యాస్ ద్రవమయ్యే ఉష్ణోగ్రత దాదాపు 88 డిగ్రీలు. అప్పుడు క్లచ్ ‘ఠప్’మని విడిపోతుంది, ముల్లు జారుతుంది, కొద్దిసేపటికి క్లచ్ మళ్లీ పట్టుకుంటుంది, మళ్లీ వదిలేస్తుంది. లోపల కూర్చున్నవారికి ఇదంతా తెలియదు, వెచ్చని గాలి ఒక్కటే తగులుతుంది. అలాంటి కారు బయలుదేరి వేగం అందుకోగానే ఎదురుగాలి ఫ్యాన్ చేయవలసిన పని తాను చేసి, ఏసీ బాగుపడిందన్న భ్రమ కలిగిస్తుంది.

స్విచ్ నేరుగా ఫ్యాన్‌ను తిప్పదు. ఫ్యాన్ మోటారు 12 వోల్టుల మీద పది, ఇరవై ఆంపియర్లు, పెద్దదైతే అంతకన్నా ఎక్కువే లాగుతుంది. ఇంత సన్నని కాంటాక్టులు దాన్ని భరించలేవు. అందుకే స్విచ్ రిలే కాయిల్‌కు మాత్రమే దారి ఇస్తుంది. ఆ కాయిల్ తీసుకునే కరెంటు ఆంపియర్‌లో అయిదో వంతు కూడా దాటదు, అసలు భారమంతా రిలే లోపలి పెద్ద కాంటాక్టులు మోస్తాయి. రెండు ఫ్యాన్లున్న కార్లలో రిలేలతో చేసే అమరిక మరీ ముచ్చటైనది. తక్కువ వేగం చాలినప్పుడు రెండు మోటార్లనూ ఒకదాని వెనక ఒకటిగా సిరీస్‌లో కలుపుతారు, అప్పుడు ఒక్కొక్కదానికి సుమారు 6 వోల్టులే అందుతాయి. స్విచ్ మధ్య హద్దు దాటగానే రిలేలు మారి రెండూ ప్యారలల్‌లోకి వచ్చి, ఒక్కొక్కటీ నిండు వోల్టేజీతో తిరుగుతాయి. ఫ్యాన్ వేగం సగమైతే గాలి కూడా సుమారు సగమవుతుంది, కానీ దాన్ని తిప్పడానికి కావలసిన యాంత్రిక శక్తి ఎనిమిదో వంతుకు పడిపోతుంది. సగం గాలితో సరిపోయినంతసేపూ పూర్తి వేగంతో తిప్పడం ఎంత వృథాయో దీన్నిబట్టే గ్రహించవచ్చు. ఈ అమరికలో ఒక మోటారు కాలిపోతే తక్కువ వేగంలో రెండూ ఆగిపోతాయి, ఎక్కువ వేగంలో మిగిలినది మాత్రం తిరుగుతుంది. సిరీస్‌కు బదులు రెసిస్టర్‌తో వేగం తగ్గించే కార్లలో ఆ రెసిస్టర్ మాడితే, ఏసీ వేసినా ఫ్యాన్ నిశ్శబ్దంగా ఉండి, పీడనం బాగా పెరిగాక ఒక్కసారిగా పెద్ద చప్పుడుతో లేస్తుంది. ఈ ఒక్క లక్షణం చాలు రెసిస్టర్‌ను అనుమానించడానికి.

కంప్రెసర్ పట్టుకున్నంతసేపూ ఫ్యాన్ తిరిగేలా వైరింగ్ చేస్తే సరిపోదా అంటే, అలా చేసిన కార్లూ ఉన్నాయి, అవి నడుస్తాయి కూడా. కాకపోతే హైవే మీద ఎదురుగాలి పుష్కలంగా ఉన్నా మోటారు వృథాగా తిరిగి ఆల్టర్నేటర్ మీద భారం వేస్తుంది. బయట చలిగా ఉన్నప్పుడు అనవసరమైన గాలి వల్ల కండెన్సర్ పీడనం మరీ పడిపోతే, ద్రవాన్ని సన్నని దారిలో వదిలి పీడనం తగ్గించే ఎక్స్‌పాన్షన్ వాల్వ్ గుండా గ్యాస్‌ను తోసే బలం కూడా తగ్గుతుంది. హై సైడ్ పీడనం మితిమీరి పెరగకూడదన్నది ఎంత నిజమో, మరీ తగ్గకూడదన్నదీ అంతే నిజం.

ఇక గ్యాస్ తగ్గినప్పుడు ఈ స్విచ్ ఎలా ప్రవర్తిస్తుందన్నది కాస్త నిదానంగా ఆలోచించవలసిన విషయం. ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు లోపల కొద్దిగా ద్రవం మిగిలి ఉన్నా పీడనం బయటి ఉష్ణోగ్రతను బట్టే ఉంటుంది. గ్యాస్ నిండుగా ఉందా సగమే ఉందా అన్నది ఆ అంకెలో కనిపించదు. కాబట్టి 2 బార్ల కింది హద్దు గ్యాస్ దాదాపు ఖాళీ అయినప్పుడే పనిచేస్తుంది తప్ప, కొద్దిగా తగ్గిందని ఎన్నడూ చెప్పదు. సున్నా డిగ్రీల చలిలో నిండు గ్యాస్ ఉన్న కారులో కూడా పీడనం 2 బార్ల లోపే ఉంటుంది గనుక, అదే స్విచ్ గడ్డకట్టే చలిలో కంప్రెసర్ తిరగకుండా కూడా చూస్తుంది. ఒకే అంకె రెండు వేర్వేరు ప్రమాదాలను కాయడం ఈ అమరికలోని తెలివి. మరోవైపు, గ్యాస్ సగమే ఉన్న కారులో కంప్రెసర్ నడుస్తున్నా హై సైడ్ పీడనం ఫ్యాన్ హద్దును అందుకోకపోవచ్చు. ఫ్యాన్ పెద్ద వేగం అందుకోవడం లేదని అప్పుడు స్విచ్ మార్చితే డబ్బు దండగ. స్విచ్ సరిగ్గానే ఉంది, దానికి అందవలసిన పీడనమే అందడం లేదు.

స్విచ్ ఎక్కడ బిగించారన్నది కూడా పట్టించుకోవాలి. అది కండెన్సర్ తర్వాత ఉండి, కండెన్సర్ లోపలి గొట్టాలే చెత్తతో మూసుకుపోతే, కంప్రెసర్ దగ్గర పీడనం ఎంత పెరుగుతున్నా స్విచ్‌కు మామూలుగానో తక్కువగానో కనిపిస్తుంది. అది ఫ్యాన్‌ను పిలవదు, క్లచ్‌నూ తెంచదు. అప్పుడు మిగిలే చివరి రక్షణ కంప్రెసర్ మీదనో దాని దగ్గరి పైపు మీదనో ఉండి, పీడనం మితిమీరితే గ్యాస్‌ను బయటికి వదిలే రిలీఫ్ వాల్వ్ మాత్రమే.

పరీక్ష కోసం చాలామంది చేసే పని, స్విచ్ కనెక్టర్ పీకి రెండు పిన్నులను వైరు ముక్కతో కలపడం. ఫ్యాన్ పిన్నుల విషయంలో, వైరింగ్ చిత్రం చూసి సరైన జత ఎంచుకుంటే, ఇది ఉపయోగపడే పరీక్షే. కలపగానే ఫ్యాన్ తిరిగితే రిలే, ఫ్యూజ్, మోటారు అన్నీ బాగున్నట్టు, ఇక అనుమానం స్విచ్ మీదా అసలు పీడనం మీదా నిలుస్తుంది. తిరగకపోతే స్విచ్‌ను వదిలి కరెంటు దారిలో వెతకాలి. కింది హద్దు పిన్నులను అలా కలిపి కారును నడపడం మాత్రం కంప్రెసర్‌ను చేతులారా చంపుకోవడమే. కంప్రెసర్‌కు కావలసిన ఆయిల్ గ్యాస్‌తో పాటే ప్రయాణిస్తుంది, గ్యాస్ లేనప్పుడు ఆయిల్ కూడా తిరిగి రాదు, ఎండిన లోహం లోహాన్ని రాసుకుంటుంది. పై హద్దును కలిపేయడం ఇంకా ప్రమాదం, ఎందుకంటే ఆ పైన జరిగేది ఏదైనా మనిషి ముఖానికి దగ్గరలోనే జరుగుతుంది. ఇక ఫ్యాన్ పిన్నుల సంగతికి వస్తే, కొన్ని కార్లలో ఫ్యాన్ హద్దు కాంటాక్టులు మామూలుగా కలిసి ఉండి పీడనం పెరిగినప్పుడు విడిపోతాయి; అలాంటి కారులో వైరు తెగితే ఫ్యాన్ ఆగకుండా తిరుగుతుంది, కలిపితే ఆగుతుంది. మామూలుగా విడిగా ఉండి పీడనం పెరిగినప్పుడు కలిసే రెండో రకంలో వైరు తెగితే ఫ్యాన్ అసలు తిరగదు. చిత్రం చూడకుండా చేసే పరీక్ష తప్పుడు నిర్ధారణకే దారితీస్తుంది.

ఫ్యాన్ తిరుగుతున్నా పీడనం దిగకపోతే గాలి దారి చూడాలి. కండెన్సర్ రెక్కల మధ్య దుమ్ము, కండెన్సర్‌కూ రేడియేటర్‌కూ నడుమ ఇరుక్కున్న ఆకులు, విరిగిపోయిన ఫ్యాన్ ష్రౌడ్ (ఫ్యాన్ చుట్టూ ఉండే తొడుగు), పక్క సందులు మూసే రబ్బరు ముక్కలు ఊడిపోవడం, ఇవన్నీ సాధారణమే. మోటారు మార్చినప్పుడు రెండు వైర్లు తారుమారైతే ఫ్యాన్ వెనక్కి తిరిగి, ఇంజిన్ దగ్గరి వేడిగాలిని కండెన్సర్ మీదికి తోస్తుంది. బండి పరుగు మీద ఉంటే ఎదురుగాలితో పోట్లాడుతుంది. కాగితం ముక్కను కండెన్సర్ ముందు పట్టుకుంటే ఈ సంగతి తేలిపోతుంది: గాలి లోపలికి లాగుతుంటే కాగితం రెక్కలకు అంటుకుని నిలుస్తుంది, వెనక్కి తిరుగుతుంటే ఎగిరిపోతుంది. ఫ్యాన్ ఎప్పుడైనా దానంతటదే మొదలవుతుంది, కొన్ని కార్లలో ఇంజిన్ ఆపాక కూడా తిరుగుతుంది, కాబట్టి ఆ పరిసరాల్లోకి చేతివేళ్లు పోనివ్వకూడదు.

కొత్త కార్లలో స్విచ్ స్థానాన్ని మూడు వైర్ల ప్రెషర్ సెన్సర్ ఆక్రమించింది. ఒక వైరులో 5 వోల్టులు వస్తాయి, ఒకటి ఎర్త్, మూడోది పీడనాన్ని బట్టి అర వోల్టు నుంచి నాలుగున్నర వోల్టుల దాకా మారే సంకేతం. కలిసిందా విడిపోయిందా అన్న రెండు మాటలకు బదులు, ఎంత పీడనం ఉందన్న పూర్తి కబురు ఇంజిన్ కంప్యూటర్‌కు అందుతుంది. అది బండి వేగాన్నీ, కూలెంట్ వేడినీ కలిపి చూసి ఫ్యాన్‌ను మెట్లుగా కాక కావలసినంత వేగంతో తిప్పగలదు. కంప్రెసర్ ఇంజిన్ మీద వేసే భారాన్ని ముందే అంచనా కట్టి ఐడిలింగ్‌ను సర్దగలదు. ఎలక్ట్రిక్ కార్లలో ఇదే ఏసీ బ్యాటరీని కూడా చల్లబరుస్తుంది గనుక, ఫాస్ట్ ఛార్జింగ్ సమయంలో కదలకుండా నిలబడిన కారు ముందు ఫ్యాన్ జోరుగా వినిపించడం మామూలే.

ఈ సెన్సర్ పిన్నులను వైరుతో కలిపి చూసే పద్ధతి ఇక్కడ పనికిరాదు. కంప్యూటర్ సర్క్యూటే దెబ్బతినవచ్చు. దీన్ని పరీక్షించడానికి అంతకంటే సులువైన దారి ఉంది. కారును కొన్ని గంటలు నీడలో ఆపి ఉంచి, ఇంజిన్ వేయకుండా స్కానర్‌లో ఏసీ పీడనం చూడాలి. ఆర్-134ఏ ఉన్న కారులో బయట 30 డిగ్రీలుంటే అంకె గేజ్ లెక్కన 6.7 బార్ల దగ్గర, గాలి పీడనాన్ని కూడా కలిపి చూపే స్కానర్‌లో 7.7 దగ్గర ఉండాలి. అంకె అలా ఉండి గేజ్ కూడా అదే చూపితే సెన్సర్ నిజమే చెబుతోందన్నమాట. గేజ్ మాత్రం అలా ఉండి సెన్సర్ 15 చూపిస్తే తప్పు సెన్సర్‌దో దాని వైర్లదో. ఇక గేజ్, సెన్సర్ రెండూ ఒకే మాటగా ఆ లెక్క కంటే ఒకటి రెండు బార్లు ఎక్కువ చూపిస్తే, గ్యాస్‌తో పాటు లోపల గాలి కూడా చేరిందని అనుమానించి, ఉన్నదంతా తీసేసి వాక్యూమ్ పెట్టి, తూకం ప్రకారం కొత్తగా నింపవలసి ఉంటుంది.